జడకు మెరుపు తెచ్చిన పుట్టీ రబ్బరు: ఏడాదిన్నర వాడాక

మా పాపకి రోజూ పొద్దున్నే రెండు జడలు వేస్తాను. ఎనిమిదేళ్ల అలవాటు, కళ్లు మూసుకున్నా పాయ మీద పాయ పడిపోతుంది. అదే జడని కాగితం మీద గీద్దామని కూర్చుంటే ఆరు నెలల పాటు కొబ్బరి తాడులాగే వచ్చింది. వెంట్రుక వెంట్రుకా గీసేదాన్ని. ఎంత గీస్తే అంత నల్లగా, చదునుగా తయారయ్యేది. మెరుపు కోసం చివర్లో తెల్ల జెల్ పెన్ను పెడితే నెరిసిన వెంట్రుకల్లా కనిపించేవి. అప్పుడు కొన్నాను ఈ పుట్టీ రబ్బరు, అంటే చపాతీ పిండిలా పిసికితే ఏ ఆకారమైనా వచ్చే బూడిదరంగు ముద్ద. పెన్సిళ్ల గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి నేను దీని గురించే రాస్తాను.

జడలో ప్రతి పాయా పక్కదాని కింద నుంచి బయటికొచ్చి, కాస్త ఉబ్బి, మళ్లీ ఇంకోదాని కిందకి దూరుతుంది. వెలుగు పడేది ఆ ఉబ్బు మీదే, దూరే చోట చీకటి. ఇది నా వేళ్లకి ఎప్పుడూ తెలుసు. ఇప్పుడు పాయ మొత్తాన్నీ ముందు 2బి పెన్సిలుతో తేలిగ్గా నింపేస్తాను. రబ్బరుని రెండు వేళ్ల మధ్య నొక్కి కత్తి అంచులా పలచగా చేసి, పాయ వంపు ఎటుంటే అటు ఒక్కసారి లాగుతాను. రుద్దను. ఆ దారి వెంట గ్రాఫైట్ లేచి వచ్చేసి, కాగితం మెత్తగా వెలుగుతుంది. కొబ్బరినూనె రాసి దువ్విన జుట్టు మీద కిటికీ వెలుతురు పడ్డట్టే ఉంటుంది. తర్వాత పాయలు కలిసే మూలల్లో 6బి, అంటే ఇంకా మెత్తగా, నల్లగా పడే పెన్సిలు. మొదటిసారి అలా వచ్చిన రాత్రి పాపని నిద్ర లేపి మరీ చూపించాను.

బాపు గారి వాలుజడకి షేడింగే అక్కర్లేదు, ఒక్క గీతలో ఊగుతుంది. వడ్డాది పాపయ్య గారి జడ రంగుల్లో మెరుస్తుంది. నాలాంటి పెన్సిలు మనిషికి ఆ మెరుపు దగ్గరికి తీసుకెళ్లింది ఈ ముద్దే.

అయితే మొన్న మే నెలలో ఇదే నన్ను ఏడిపించింది. మా అమ్మ పెళ్లికి ముందు దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉంది. జడ భుజం మీంచి ముందుకి వేసుకుని, చివర కుచ్చులు. అది చూసి గీస్తూ తొమ్మిది రాత్రులు కూర్చుని పదకొండు పాయలు పూర్తి చేశాను. ఆ రోజు రబ్బరు బ్యాగులోనే ఉండిపోయింది, బ్యాగు స్కూటీ డిక్కీలో, స్కూటీ మధ్యాహ్నమంతా విజయవాడ ఎండలో. రాత్రి తీస్తే వేళ్లకి అంటుకుంటోంది. పట్టించుకోకుండా పన్నెండో పాయ మీద ఆనించాను. లేపేసరికి జిగురు మచ్చ. దాని మీద పెన్సిలు సరిగా ఎక్కలేదు, ఎక్కినచోట నల్లగా గడ్డకట్టింది. గుండె జారిపోయింది. మల్లెపూలు గీసి కప్పేద్దామంటే ఆ మచ్చ తెల్లబడదు. రెండు రోజులు చూసి చూసి, కనకాంబరాలైతే బూడిదరంగులో ఒదిగిపోతాయని తోచింది. మచ్చని పూల మధ్య నీడగా కలిపేశాను. అమ్మ బొమ్మ చూసి, "ఆ రోజు పూలెక్కడ పెట్టుకున్నానే?" అంది. జరిగింది చెప్పాను. ఆ బొమ్మే ఇప్పుడు ఆవిడ మంచం ఎదురుగా ఉంది.

గ్రాఫైట్ లేచి వచ్చేస్తుందని పైన రాశాను కానీ, 6బి గట్టిగా నొక్కి నింపిన చోట మాత్రం బూడిదరంగు దాకానే వస్తుంది, తెలుపు రాదు. మెరుపు ఎక్కడ కావాలో ముందే అనుకుని అక్కడ చెయ్యి తేలిక చేసుకోవాలి. పలచటి ప్రింటర్ కాగితం మీదా నాకు అంత బాగా రాలేదు, 200 జీఎస్ఎం మందపాటి కాగితం మీదే గీస్తున్నాను. ఆర్నెల్లకి లోపలంతా నలుపు నిండిపోయి, తుడవడం మానేసి పూయడం మొదలుపెడుతుంది. ఇప్పుడు వాడుతున్నది మూడోది.

వంటయ్యాక గంటసేపు, అరచేయంత బొమ్మలు, అవీ ఎక్కువగా జడలే గీసుకునే నాకు ఇది లేకపోతే చెయ్యి ఆడదు. పెద్ద బొమ్మలు గీసేవాళ్లు, బొమ్మల సామాను బండిలో వేసుకుని తిరిగేవాళ్లు మాత్రం కాస్త ఆలోచించుకుని కొనండి. నేనైతే చిన్న స్టీలు డబ్బాలో వేసి, మంచినీళ్ల కుండ పక్కన పెడుతున్నాను.