సార్వా ధాన్యానికి గోనె సంచా, ప్లాస్టిక్ సంచా: ఏది మేలు?

సార్వా (ఖరీఫ్) కోతలు దగ్గరపడేసరికి కోనసీమ నుంచి పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, ఆకివీడు దాకా రైతులు అడిగే ప్రశ్న ఇదే. ప్లాస్టిక్ సంచి చవక, తేలిక, కావలసినన్ని దొరుకుతాయి. గోనె ఖరీదెక్కువ, పైగా సమయానికి చేతికి రాదు. ధర ఒక్కటే చూస్తే చర్చే అక్కర్లేదు. కానీ ధాన్యం ఎంత తేమతో సంచిలోకి వెళ్తోంది, అందులో ఎన్నాళ్లు ఉంటుంది అన్నదే అసలు లెక్క.

కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు. నిల్వకు 14 దాటకూడదు. ఈ మూడు శాతం దగ్గరే మంచి సంచీ చెడ్డ సంచీ తేలిపోతాయి. కోత మిషన్ నుంచి వచ్చే ధాన్యంలో తేమ 20 పైనే ఉంటుంది. ముసురు పట్టిందంటే బరకాల మీద రెండు రోజులు తిరగబోసినా 17కి దిగడం కష్టం. తడి గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడి పుడుతూనే ఉంటుంది. గోనెలో ఆ వేడి, ఆవిరి నేత సందుల్లోంచి బయటికి పోతాయి, నార కూడా కొంత తేమ పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సంచి నేసిన పట్టీ చుక్క నీరు పీల్చదు. పట్టీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి కాబట్టి గాలీ సరిగా ఆడదు. రాత్రి చలికి ఆ ఆవిరి సంచి లోపలే చెమ్మవుతుంది. ముందు అంచున గింజలు బూజు పడతాయి, తర్వాత మధ్యలో వేడెక్కి బియ్యం పసుపు రంగుకు తిరుగుతుంది. ఎరువుల సంచులు, రొయ్యల మేత సంచుల్లో తినే ధాన్యం అసలు పోయకండి. వాటికి లోపల పొర ఉంటుంది, వాసనా వదలదు.

ఏ సంచి అయినా మూడో రోజున మధ్య వరసలోంచి ఒక బస్తా లాగి, మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. లోపల వెచ్చగా తగిలితే ఆ బస్తాల నెట్టంతా (పేర్చిన వరసలన్నీ) విప్పి ఆరబోయాల్సిందే.

నెట్టు దగ్గరా గోనెదే పైచేయి. గరుకు కాబట్టి బస్తా మీద బస్తా కదలదు. ప్లాస్టిక్ జారుతుంది. పది వరసల దగ్గర ఆపి, ప్రతి వరసనూ అడ్డం, నిలువు మార్చి పేర్చాలి. ముఠా కూలీల కొక్కెం గానీ శాంపిల్ గొట్టం గానీ గోనెలో దిగితే పోగులు పక్కకు జరిగి మళ్లీ దగ్గరవుతాయి. ప్లాస్టిక్‌లో పట్టీ తెగి చీలిక సాగుతుంది. ఎండలో నెలల తరబడి ఉన్న ప్లాస్టిక్ పెళుసెక్కి, ఆ పేలికలు ధాన్యంలో కలుస్తాయి.

గోనెతో రైతుకు నిజంగా నష్టం వచ్చేది తూకం దగ్గర. 50 కిలోలు పట్టే కొత్త గోనె బరువు 580 గ్రాములు. అందులో ధాన్యం 40 కిలోలు పోస్తే 30 క్వింటాళ్లకు 75 బస్తాలు, సంచుల బరువే 43.5 కిలోలు. 120 గ్రాముల ప్లాస్టిక్ సంచులైతే 9 కిలోలు. సంచికి తరుగు ఎంత తీస్తారో తూకానికి ముందే తేల్చుకోండి. పది ఖాళీ సంచులు కలిపి తూచి సగటు కడితే వాదన ఉండదు. తడిసిన గోనె ఇంకా బరువు తూగుతుంది.

గోనె కథ పాతదే. 1855లో బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున రిష్రాలో దేశంలోనే తొలి జూట్ (జనపనార) మిల్లు వచ్చింది. 1947 విభజనలో మిల్లులు ఇటు మన దేశంలో ఉండిపోయాయి, జనపనార పండే నేల ఎక్కువగా అటు తూర్పు పాకిస్తాన్‌కు పోయింది. ఉత్తరాంధ్ర గోగునార కూడా మిల్లులకు ఆదరువైంది. ప్లాస్టిక్ పోటీ ముదిరాక 1987లో ఆహార ధాన్యాలకు, పంచదారకు జనపనార సంచులు వాడాలని చట్టం తెచ్చారు. ప్రభుత్వ కొనుగోళ్లలో గోనె కనిపించడానికి కారణం అదే. నారను మెత్తబరచడానికి మిల్లులు ఖనిజ నూనె వాడేవి, గోనెలో బియ్యానికి పట్టే నూనె కంపు దానిదే. ఆహారానికి ప్రత్యేకించిన గోనెల్లో ఇప్పుడు తవుడు నూనె వాడుతున్నారు. బియ్యానికి గోనె కొంటే ఆ రకమే అడగండి.

ఆడించిన బియ్యం బాగా ఆరి ఉంటే ప్లాస్టిక్ చాలు. కాకినాడ రేవుకు వెళ్లే సరుకుకు అదే సుఖం. రెండో రోజే మిల్లుకు వెళ్లిపోయే ధాన్యానికీ ఫరవాలేదు, మూతి రెండు మడతలు వేసి కుట్టండి, లేకపోతే పట్టీలు ఊడిపోతాయి. దాళ్వా (రబీ) ధాన్యం ఎండకు కరకరలాడుతుంది కాబట్టి అప్పుడు ఏదైనా ఒకటే. ధాన్యం దాచుకునే గాదె, పురి కట్టే ఇళ్లు ఇప్పుడు తక్కువ, సంచులే దిక్కు. గాలి చొరని మూడు పొరల సంచి విత్తనానికి మంచిది, అదీ బాగా ఎండబెట్టాకే.

సార్వా ధాన్యం పది రోజులు దాటి ఉంచాలంటే మాత్రం పాత గోనెలైనా సరే, గోనెలే కొనండి. కొనేటప్పుడు అడుగు కుట్టు పట్టుకుని గట్టిగా లాగి చూడాలి, నేల చెమ్మకు ముందు చివికేది అక్కడే. తిరగేసి దులిపి ఎర్రటి ఎండలో ఆరబెట్టండి, కుట్టు మడతల్లో ముక్కు పురుగు దాగి ఉంటుంది. కన్నాలకు దబ్బనం, పురికొసతో మాటు వేసి, నెట్టు కింద నేల తగలకుండా కర్ర దుంగలు పరచండి. గోడకు రెండడుగుల ఎడం వదలండి.