రెండు ట్యూనర్ల పాత డిష్ రికార్డర్: తొమ్మిదేళ్లు వాడాక, కస్టమర్ కేర్‌తో వేగాక

డిష్ చానళ్లను హార్డ్ డిస్క్ మీద రికార్డ్ చేసుకునే ఈ బాక్సు పాతబడేకొద్దీ వచ్చే తిప్పలు పెద్దగా మారవు. బొమ్మ గడులు గడులుగా విరగడం, రికార్డింగ్ సగంలో ఆగిపోవడం, ఆన్ చేస్తే ఒక పట్టాన లేవకపోవడం. ఫోన్ చేస్తే వచ్చే జవాబూ మారదు: రీస్టార్ట్ చేయండి, కాకపోతే డిష్ కదిలి ఉంటుంది, టెక్నీషియన్‌ని పంపుతాం. డిష్ కదలడం లేకపోలేదు. కానీ ఏళ్ల తరబడి తిరిగిన రికార్డర్‌లో మొదట అనుమానించాల్సింది డిష్‌ని కాదు, హార్డ్ డిస్క్‌ని.

మామూలు సెట్‌టాప్ బాక్సులో ట్యూనర్, అంటే కావాల్సిన చానల్‌ని ఎంచి పట్టే భాగం, పట్టిన సిగ్నల్ నేరుగా డీకోడ్ అయి తెర మీదికి వస్తుంది. రికార్డర్‌లో లైవ్‌ని ఆపుకునే, వెనక్కి తిప్పుకునే వీలు ఉంది కదా, అందుకని చూస్తున్న చానల్ కూడా ఎప్పుడూ డిస్క్ మీదికి ఎక్కుతూనే ఉంటుంది. చాలా మోడళ్లలో మనం లైవ్ అనుకునేది అక్కడి నుంచి తిరిగి చదివిన బొమ్మే. డిస్క్ తడబడితే లైవ్ కూడా విరుగుతుంది, అచ్చం జోరువానలో విరిగినట్టే. ఫోన్లో ఉన్న మనిషికి ఈ తేడా కనిపించదు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టి లాభం లేదు, ఎదురుగా ఉన్న ప్రశ్నల పట్టికలో అది లేదు మరి.

తేల్చుకోవడం కష్టమేం కాదు. సెట్టింగ్స్‌లో లైవ్ పాజ్‌ని ఆపేసే ఆప్షన్ ఉంటే ఆపి ఒక గంట చూడండి. బొమ్మ శుభ్రంగా ఆడితే దోషం డిస్క్‌దే. ఆ ఆప్షన్ లేకపోతే పాత రికార్డింగ్ ఒకటి పెట్టి, విరిగిన చోటికి మూడు నాలుగుసార్లు వెనక్కి వెళ్లండి. ప్రతిసారీ అదే క్షణంలో నాలుగు గడులు విరిగి, బొమ్మ ఆగకుండా ముందుకు సాగితే రికార్డ్ చేసిన రోజు సిగ్నల్ బాగోలేదని అర్థం. అదే చోట బొమ్మ బిగుసుకుపోయి, లోపల టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, కొన్ని సెకన్లకు కదిలితే అక్కడ డిస్క్ దెబ్బతింది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే వేడిని గానీ, పవర్ సప్లైని గానీ అనుమానించాలి.

సిగ్నల్ వైపు చూసేటప్పుడు స్ట్రెంత్ అంకెని చూసి మోసపోకండి. అది ఎక్కువగా ఉండి క్వాలిటీ కిందకి పడిపోయిందంటే గోల ఎక్కువ, సమాచారం తక్కువ అని. రెండు ఇన్‌పుట్ల అంకెలూ విడివిడిగా రాసుకోండి. ఒకటి బాగుండి రెండోది బాగోకపోతే బాక్సు ప్లగ్ తీసేసి, వెనక రెండు కేబుళ్లనీ అటుదిటు, ఇటుదటు మార్చి బిగించండి. లోపం కేబుల్‌తో పాటు అటు వెళ్తే తప్పు కేబుల్‌దో, డిష్ ముందు కొసన ఉండి సిగ్నల్‌ని అందుకుని కేబుల్లోకి పంపే ఎల్ఎన్‌బిదో. కదలకుండా అదే ఇన్‌పుట్‌లో ఉండిపోతే ఆ ట్యూనర్ పోయింది, పైకెక్కి డిష్ తిప్పినా ఒరిగేదేం లేదు. టెక్నీషియన్ కోసం రోజుల తరబడి ఎదురుచూసే ముందు చేయాల్సిన పని ఇదొక్కటే. ఒకే కేబుల్‌తో నడిచే బాక్సులకు మాత్రం ఇది కుదరదు.

ప్లగ్ తీయమన్నది ఊరికే కాదు. ఆ కేబుల్లోంచే ఎల్ఎన్‌బికి కరెంటు వెళ్తుంది: నిలువు పోలరైజేషన్‌కి (సిగ్నల్ తరంగం ఊగే దిశ) 13 వోల్టులు, అడ్డానికి 18. పై బ్యాండ్, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల గుంపు, కావాలంటే దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ టోన్. కరెంటు ఉండగా విప్పితే అల్లిక తీగ నడిమి రాగి తీగకి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కొన్ని చానళ్లు బాగా వచ్చి, కొన్ని పూర్తిగా మాయమైతే గుట్టు ఈ అంకెల్లోనే ఉంటుంది. పోయినవన్నీ అడ్డ పోలరైజేషన్‌వే అయితే 18 వోల్టులు పైదాకా చేరడం లేదు. కనెక్టర్ తుప్పు పట్టిందో, బాక్సు పవర్ సప్లై నీరసించిందో చూడాలి. కనెక్టర్ విప్పినప్పుడు నడిమి తీగ మెరుస్తూ అంచు దాటి 2-3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. నల్లబడినా, పచ్చబారినా కేబుల్లోకి నీళ్లు దిగాయి. అంతవరకు కోసి, కొత్త ఎఫ్ కనెక్టర్ వేయించుకోవాలి. కేబుల్ గోడలోకి దూరే ముందు కిందికి చిన్న వంపు తిరిగి ఉంటే నీళ్లు లోపలికి రాకుండా అక్కడే కారిపోతాయి. బిగించినవాళ్లు ఈ వంపు సంగతి ఎందుకో తరచూ మరిచిపోతారు.

ఇక ఫోన్ సంగతి. మోడల్ నంబర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, బాక్సులో పెట్టే వ్యూయింగ్ కార్డ్ నంబర్, తెర మీది ఎర్రర్ కోడ్, రెండు ట్యూనర్ల అంకెలు, ఏ చానళ్లు పోయాయి, కేబుళ్లు మార్చితే ఏమైంది, ఇవన్నీ ముందే చెప్పేస్తే మొదటి అంచె ప్రశ్నలు సగం తగ్గుతాయి. డబ్బు కట్టిన చానల్ రాకపోతే రిఫ్రెష్ పంపమని, అంటే చానల్ అనుమతిని మళ్లీ పంపమని, అడగండి. ఆ అనుమతి శాటిలైట్ ద్వారానే వస్తుంది కాబట్టి బాక్సు స్టాండ్‌బైలో కాక ఆన్‌లో ఉండి, అదే చానల్ మీద కనీసం అరగంట నిలవాలి. పంపిన మరుక్షణమే మళ్లీ రీస్టార్ట్ చేస్తే వచ్చేది రాదు.

రీసెట్ చేయమంటే మాత్రం ఏ రీసెట్టో అడిగి తీరాలి. సెట్టింగ్స్ రీసెట్ వేరు, డిస్క్ ఫార్మాట్ వేరు. రెండూ ఒకే మెనూలో పక్కపక్కనే ఉంటాయి, రెండోది నొక్కితే రికార్డింగులన్నీ గాల్లో కలిసిపోతాయి. అవి ఎన్‌క్రిప్ట్ అయి బాక్సుకో, కార్డుకో ముడిపడి ఉంటాయి కనుక కంప్యూటర్‌లో పెట్టి వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు. బాక్సు మార్చి ఇస్తామన్నా ఇదే గతి. ముందే చూడాల్సినవి చూసేసుకోండి.

బాక్సు సొంతదై, వారంటీ దాటిపోతే డిస్క్ మార్చుకోవచ్చు. కంపెనీదైతే మూత విప్పకండి. పాత డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలించి డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5, 197 నంబర్ల వరుసలు చూడాలి. మొదటిది చెడిపోతే ఇప్పటికే వేరేవాటితో మార్చిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న ముక్కలు), రెండోది చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. రెండోది పెరుగుతూ పోతుంటే డిస్క్ పని అయిపోయినట్టే. విండోస్ దాన్ని గుర్తుపట్టక ఇనిషియలైజ్ చేయమంటావా అని అడుగుతుంది, ఒప్పుకోకండి. కొత్తది నిమిషానికి 5400 తిరుగుళ్ల స్థాయి డిస్క్ అయి ఉండాలి, నిఘా కెమెరాల కోసం అమ్మే రకమైతే మరీ మంచిది. డెస్క్‌టాప్ డిస్క్ చెడ్డ సెక్టార్ దగ్గర పట్టు వదలకుండా పదేపదే ప్రయత్నిస్తుంది, ఆలోగా రికార్డింగ్ చేజారుతుంది. మరీ పెద్ద సైజు తీసుకోకండి, బాక్సు గుర్తించకపోవచ్చు. 500 జీబీ చాలు: సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ గంటకు సుమారు 3.6 జీబీ తింటుంది, అంటే బాక్సు తనకోసం అట్టిపెట్టుకునేది పోనూ వంద గంటలు దాటి పడుతుంది.

డిస్క్ మార్చినా లేవకపోతే పవర్ సప్లై బోర్డు మీద కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాల్సినవి ఉబ్బితే అవే దొంగలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేవక, నాలుగైదుసార్లు ప్రయత్నించాక లేచే బాక్సుకి చాలావరకు ఈ జబ్బే. అదే విలువ, అంతే లేదా కాస్త ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల వేడిని తట్టుకునే లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం వేయించాలి. మెయిన్స్ వైపు పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజిని పట్టి ఉంచుతుంది, అలవాటు లేని చేతులు అక్కడ పెట్టకూడదు.

రిమోట్, మెనూ, గైడ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నెమ్మదే గానీ పని చేస్తాయి. హెచ్‌డీఎంఐలో తెర నల్లబడితే టీవీ ముందు, బాక్సు తర్వాత ఆన్ చేస్తే సర్దుకుంటుంది. కొత్తగా కొనేవాళ్లకు దీన్ని సిఫార్సు చేయను. ఇంట్లో ఉన్నదైతే పైన ఇంకో పెట్టె పేర్చకుండా, చుట్టూ అరచేతి వెడల్పు ఖాళీ వదిలి, రాత్రి స్టాండ్‌బైలో డిస్క్ ఆగే సెట్టింగ్ పెడితే ఇంకొన్నేళ్లు లాగుతుంది.