క్షణాల్లో గాఢ ట్రాన్స్: ఒక వీడియో కోర్సుపై సమీక్ష

అరగంటసేపు మెల్లగా మాట్లాడి కళ్లు మూయించే పద్ధతికి బదులు, కొద్ది క్షణాల్లోనే ఎదుటి వ్యక్తిని, మనసు సూచనలకు సులభంగా స్పందించే స్థితి అయిన గాఢ ట్రాన్స్‌లోకి తీసుకువెళ్లాలన్న కోరిక హిప్నాసిస్ నేర్చుకునే చాలామందిలో ఉంటుంది. ఆ నైపుణ్యం నేర్పుతామని చెప్పే ఒక వీడియో కోర్సును పూర్తిగా చూసి, అందులోని పద్ధతులను అంగీకరించిన మిత్రులతో అభ్యాసం చేసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. వేగం గురించి ఈ కోర్సు నేర్పేది చాలావరకు సరైనదే కానీ, వేగంగా కళ్లు మూతపడటాన్నే గాఢతగా చూపించడం దీనిలోని ప్రధాన లోపం.

తొలి పాఠం చరిత్రకు సంబంధించినది. వేగవంతమైన ఇండక్షన్లను, అంటే మనిషిని ట్రాన్స్‌లోకి తీసుకువెళ్లే పద్ధతులను, ఇటీవలి ఆవిష్కరణగా పరిచయం చేయడం నాకు నచ్చలేదు. గోవాలో పుట్టిన క్రైస్తవ మతగురువు అబే ఫరియా 1813 నుంచి పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, ఏకాగ్రతతో కూర్చున్నవారిని ‘నిద్రపో’ అన్న ఒక్క ఆజ్ఞతో ట్రాన్స్‌లోకి పంపేవారు; ఆ శక్తి తన చేతుల్లో లేదనీ, కూర్చున్నవారి మనసులోనే ఉందనీ అప్పుడే చెప్పారు. మరోవైపు, అత్యంత గాఢమైన స్థితికి నేటి హిప్నటిస్టులు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ వైద్యుడు జేమ్స్ ఎస్డెయిల్, 1845లో హుగ్లీలో శస్త్రచికిత్సలకు ముందు రోగులను సిద్ధం చేయడానికి గంటల తరబడి సమయం వెచ్చించేవారు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపించి ఉంటే, వేగమూ గాఢతా వేర్వేరు విషయాలని నేర్చుకునేవారికి మొదటి రోజే తెలిసేది.

కోర్సులో అన్నిటికన్నా విలువైనది డేవ్ ఎల్మన్ ఇండక్షన్ పాఠం. వైద్యులకూ దంతవైద్యులకూ హిప్నాసిస్ నేర్పిన ఎల్మన్ రూపొందించిన ఈ పద్ధతి అలవాటైన చేతుల్లో నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది. శిక్షకురాలు ఇక్కడ ఏ దశనూ దాటవేయలేదు. కనురెప్పలను ఇక పనిచేయవనిపించేంత వరకు వదులు చేయమని చెప్పి, ఆ తరువాతే పరీక్షించుకోమంటారు. ఒక అభ్యాసంలో ఎదుటి వ్యక్తి కళ్లు తెరిచేస్తే ఆమె తడబడలేదు. ‘మీరు రెప్పలను తెరవగలరో లేదో చూశారు, నేను అడిగింది అవి పనిచేయనంత వదులుగా ఉంచగలరేమో చూడమని’ అని శాంతంగా వివరించి మళ్లీ మొదలుపెట్టారు. మణికట్టు పట్టుకుని చేయి కొద్దిగా ఎత్తి వదిలినప్పుడు అది తడి గుడ్డలా ఒడిలో పడాలి. ఎదుటి వ్యక్తి తెలియకుండానే చేయి ఎత్తడంలో సాయపడుతున్నట్లు ఆమె వేళ్లకు తెలిసిన క్షణం, ‘బరువంతా నాకు వదిలేయండి’ అనడం దగ్గరి నుంచి తీసిన దృశ్యంలో స్పష్టంగా కనిపిస్తుంది. వంద నుంచి వెనక్కి లెక్కిస్తూ, ఒకటి రెండు అంకెల తరువాత మిగిలినవి మనసులోంచి జారిపోయే చివరి దశను కూడా ఆమె తొందర లేకుండా చూపించారు. ఈ ఒక్క పాఠం కోసమే కోర్సు తీసుకున్నా నష్టం లేదని నా అభిప్రాయం.

ఆకస్మిక ఇండక్షన్ల భాగం చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది. ఎదుటి వ్యక్తి తన అరచేతితో శిక్షకురాలి అరచేతిని కిందికి నొక్కుతూ ఆమె కళ్లలోకి చూస్తుండగా, ఆమె తన చేతిని హఠాత్తుగా తీసేసి ‘నిద్రపో’ అంటారు. ఆ ఉలికిపాటులో మనసు ఒక్క క్షణం ఏ దారీ తోచక ఆగుతుంది, అప్పుడు అందిన స్పష్టమైన సూచనను పట్టుకుంటుంది. అయితే ఆ అవకాశం కొద్ది సెకన్లే ఉంటుంది. వెంటనే ట్రాన్స్‌ను గాఢం చేసే మాటలు మొదలుపెట్టకపోతే మనిషి తేరుకుంటాడు. ఒక ప్రదర్శనలో శిక్షకురాలు కెమెరా వైపు తిరిగి వివరణ ఇస్తున్నంతలో, వెనుక కూర్చున్న వ్యక్తి రెప్పలు అదిరి, తల నెమ్మదిగా నిటారుగా రావడం కనిపిస్తుంది. దానిని తొలగించకుండా ఉంచినందుకు అభినందించాలి కానీ, దాని గురించి ఒక్క మాట కూడా చెప్పకపోవడం పెద్ద లోటు. నిజానికి పాఠమంతా అక్కడే ఉంది.

భద్రత విషయంలో నా అసంతృప్తి ఇంకా ఎక్కువ. చేయి లాగే పద్ధతుల్లో మెడకూ భుజానికీ దెబ్బ తగలవచ్చు, నిలబడి ఉన్న మనిషి కూలిపోవచ్చు. మెడ నొప్పి, గుండె జబ్బు, మూర్ఛ, గర్భం, తీవ్రమైన మానసిక రుగ్మతల గురించి ముందే అడగాలనీ, హఠాత్తుగా తాకబోతున్నామని చెప్పి అనుమతి తీసుకోవాలనీ కోర్సు చెబుతుంది కానీ, అది చివరి పాఠంలో హడావిడిగా చదివిన జాబితాగా మిగిలింది. ముందస్తు సంభాషణ అనే ఆ భాగమే మొదటి పాఠం కావలసింది. భయం తొలగి, ఏం జరగబోతోందో తెలిసిన మనిషే త్వరగా ట్రాన్స్‌లోకి వెళ్తాడు కనుక, వేగం కోరేవారికి కూడా దాని అవసరం ఉంది.

ఎవరినైనా క్షణాల్లో గాఢ స్థితికి చేర్చవచ్చన్న కోర్సు ప్రకటనను అంగీకరించలేను. వైట్జెన్‌హోఫర్, హిల్గార్డ్ అనే మనస్తత్వవేత్తలు 1959లో ప్రకటించిన, సూచనలకు స్పందనను కొలిచే స్టాన్‌ఫర్డ్ కొలమానం మొదలుకొని జరిగిన పరిశోధన, హిప్నాసిస్‌కు స్పందించే గుణం మనిషి మనిషికీ మారుతుందని చూపింది. అదే మనుషులను 25 ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షించి 1989లో ప్రచురించిన అధ్యయనంలో ఆ గుణం చాలావరకు స్థిరంగానే ఉంది. ప్రదర్శనల్లో సులభంగా స్పందించినవారినే ఎక్కువగా చూపించడం వల్ల, ఇంట్లో అభ్యాసం చేసేవారు తమ చేతిలోనే లోపముందని అనవసరంగా కుంగిపోయే ప్రమాదం ఉంది.

శరీరం వదులుగా వాలిపోవడాన్ని గాఢతకు గుర్తుగా తీసుకోవడం కూడా సరికాదు. సైకిల్ తొక్కుతూ మెలకువగా, చురుగ్గా ఉన్నవారు కూడా హిప్నాటిక్ సూచనలకు స్పందించారని బాన్యాయ్, హిల్గార్డ్ 1976లోనే చూపించారు. గాఢతను తెలుసుకోవాలంటే చేయి బిగుసుకోవడం, ఒక అంకెను మరచిపోవడం, వేలికి స్పర్శ తగ్గడం వంటి స్పందనలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఈ పరీక్షలకు కోర్సు కేటాయించిన సమయం చాలా తక్కువ.

మేల్కొలిపే పాఠం సంతృప్తికరంగా ఉంది. ఇచ్చిన సూచనలన్నిటినీ ఒక్కొక్కటిగా ఉపసంహరించి, ఒకటి నుంచి ఐదు వరకు లెక్కించి, లేచి నిలబడే ముందు తల తిరుగుడు ఏమైనా ఉందేమో అడిగే క్రమం బాగా వివరించారు. ఇప్పటికే సాధారణ ఇండక్షన్ చేయగలిగి, పక్కన అనుభవజ్ఞుడైన మార్గదర్శి ఉన్నవారికి ఈ కోర్సును సూచిస్తాను. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం ఎల్మన్ పాఠం, మేల్కొలిపే పాఠం బాగా అలవాటయ్యేవరకు ఆకస్మిక పద్ధతుల జోలికి వెళ్లవద్దు.