ఏడేళ్లు ఉన్నాక రాస్తున్న మాట: మా యూనివర్సిటీ

పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు. కిందటి నెలలో నో డ్యూస్ కాగితం మీద ఆఖరి స్టాంపు పడింది. చేరిన కొత్తలో రాసి ఉంటే బిల్డింగుల గురించీ, హాస్టల్ వైఫై గురించీ రాసేదాన్ని. వైఫై అప్పుడూ అంతంతమాత్రమే, ఇప్పుడూ అంతే. దాన్ని ఇక్కడితో వదిలేస్తా.

లైబ్రరీతో మొదలుపెట్టాలి. పీహెచ్‌డీ రెండో ఏడు, నాకు కావాల్సిన పాత పుస్తకం మా దగ్గర లేదు, కొందామన్నా దొరకలేదు. ఇక ఆ చాప్టర్ సంగతి మర్చిపోదామనుకుంటుంటే రిఫరెన్స్ డెస్క్‌లో ఉండే ఆయన "ఇంటర్ లైబ్రరీ లోన్‌కి పెట్టావా అమ్మా?" అని అడిగారు. మన దగ్గర లేని పుస్తకాన్ని మన లైబ్రరీ తన పూచీ మీద ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తుంది. నాలుగేళ్లుగా అదే మెట్లెక్కి దిగుతున్నా, అలాంటిదొకటి ఉందని నాకు తెలీదు! మూడో వారానికల్లా పుస్తకం వచ్చింది. వెన్ను ఊడిపోతే దారంతో కట్టి ఉంది. లోపల ఒక చీటీ: "నూట పన్నెండో పేజీ నుంచి చూడు." ఫారంలో నా టాపిక్ గురించి రాసింది ఒక్క లైను. ఆయన కూర్చుని పేజీలు తిరగేశారన్నమాట. అది ఆయన డ్యూటీలో లేని పని.

మూడో ఏడు బాగా కుంగిపోయాను. సెమినార్లో లేచి నిలబడితే గొంతు పెగిలేది కాదు. అందరికీ అన్నీ వచ్చు, పొరపాటున సీటొచ్చింది నాకొక్కదానికే, ఏదో ఒక రోజు దొరికిపోతానని భయం. కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళితే మూడు వారాల తర్వాత రమ్మన్నారు. అంత పెద్ద క్యాంపస్‌కి కౌన్సెలర్ ఒక్కరే. ఈ విషయంలో మాత్రం నేను మెత్తగా రాయలేను. మూడు వారాలు ఆగలేని వాళ్లుంటారు.

ఆ మూడు వారాలూ నన్ను నిలబెట్టింది మా సీనియర్లు. సాయంత్రం ఖాళీ క్లాసురూం చూసి నాచేత పేపర్ చదివించేవాళ్లు. ఒక అక్క వెనక బెంచీలో కూర్చుని కావాలనే మొండి ప్రశ్నలు వేసేది. నేను తడబడితే "మళ్లీ మొదట్నుంచి చెప్పు" అనేది తప్ప జాలి పడేది కాదు. ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీలో తొలినాళ్లలో విద్యార్థులే సంఘాలు కట్టుకుని, పాఠం చెప్పేవాళ్లకి డబ్బిచ్చి, ఆలస్యంగా వస్తే జరిమానా కూడా వేసేవారట. యూనివర్సిటీ అనే పేరు పుట్టింది అలా జట్టు కట్టిన మనుషుల నుంచే. మా వెనక బెంచీ అక్క అక్కడ ఉంటే జరిమానాల లెక్క ఆవిడకే అప్పజెప్పేవాళ్లు.

చివరికి కౌన్సెలర్‌ని కలిశాను. నేను చెప్పిందంతా విని, 1978లోనే పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద రాశారనీ, దీన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అంటారనీ చెప్పారు. వాళ్లు చూసింది బాగా చదువుకుని పైకొచ్చిన ఆడవాళ్లనేనట. నా భయం వయసులో నాకంటే పెద్దదని తెలిసి ఆ గదిలోనే నవ్వేశాను.

ఇక ఫెలోషిప్. ఐదు నెలలు పడలేదు. వార్డెన్ గారు హాస్టల్ బకాయికి గడువు పొడిగించారు కాబట్టి రూం ఖాళీ చేయకుండా బయటపడ్డాను. సెక్షన్‌లో క్లర్క్ గారు ఫైలు తీసి చూపిస్తే, ఆగింది నిధుల్లేక కాదు, ఒక్క సంతకం లేక! ఆ కాగితం తనే పట్టుకుని పై అంతస్తుకి వెళ్లొచ్చి, "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అని నాకే చీవాట్లు పెట్టారు. మా దగ్గర ఉన్న అసలు చిక్కు ఇదే. అడిగితే ఎవరూ కాదనరు, అడగమని మాత్రం ఎవరూ చెప్పరు. నాలా నోరు లేనివాళ్లు సగం చదువు అయ్యాక గానీ ఏ తలుపు తట్టాలో తెలుసుకోలేరు.

రేటింగ్ ఐదుకి నాలుగు. రెండో కౌన్సెలర్ వచ్చిన రోజు ఐదోది కలుపుతాను.

నో డ్యూస్ కోసం పుస్తకాలన్నీ అప్పజెప్పేశాను. చీటీ మాత్రం నా దగ్గరే ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.