బీచ్ రోడ్ రన్నర్లకు అమ్ముతున్న ‘పీక్ ఏజ్’ రిపోర్టు: లెక్క ఎక్కడ తప్పింది?

రన్నర్ ఏ వయసులో అత్యంత వేగంగా పరిగెత్తగలడో (‘పీక్ ఏజ్’) చెబుతామంటూ విశాఖలో రన్నింగ్ కోచింగ్‌తో పాటు అంటగడుతున్న ఈ రిపోర్టులో గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి. లెక్కే తేడా.

వయసువారీగా రేసు పూర్తిచేసినవాళ్ల సగటు టైం తీసి, 30కీ 45కీ పెద్దగా తేడా లేదని తేల్చేశారు. మరి 45లో ఇంకా పరిగెడుతున్నది ఎవరు? మోకాళ్లు పట్టేసినవాళ్లు, టైం పడిపోయి మానుకున్నవాళ్లు ఆ జాబితాలోనే లేరు. గట్టివాళ్లే మిగిలారు కాబట్టి గీత చదునుగా కనిపిస్తుంది.

చూడాల్సింది ఒకే మనిషి టైం ఏటేటా ఎంత మారిందన్నది. వరసగా రెండేళ్లూ పరిగెత్తినవాళ్ల తేడాలు తీసి, వయసువారీగా సగటు కట్టాలి. ఇందులోనూ ఓ మెలిక ఉంది. మొదటి ఏడాది కలిసొచ్చినవాళ్లే ఎక్కువగా తిరిగొస్తే, వాళ్ల టైం మళ్లీ మామూలు స్థాయికి దిగడం కూడా వయసు ఖాతాలో పడుతుంది. క్షీణత ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే మానేసినవాళ్ల చివరి టైములు విడిగా చూపాలి. మే ఉక్కపోత టైములనూ డిసెంబరు టైములనూ కలిపేయడం మరో తప్పు.

కవర్ మీద కెన్యా మారథాన్ రన్నర్ కిప్‌చోగె బొమ్మ. 2022 బెర్లిన్ మారథాన్‌లో 37 ఏళ్లకు 2:01:09 (గంటలు:నిమిషాలు:సెకన్లు), నిజమే. 2023 షికాగో మారథాన్‌లో అదే దేశపు కిప్టమ్ 23 ఏళ్లకే 2:00:35 కొట్టాడు. మరి పీక్ ఏజ్ ఎంతట?

కోచింగ్ తీసుకోవచ్చు. రిపోర్టుకు విడిగా డబ్బు అడిగితే మాత్రం వద్దనండి.