కార్బన్ చెట్లా, సేంద్రియ సాయమా: చిత్తూరు రైతుకు ఏది?

పలమనేరు, పుంగనూరు వైపు రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పొలంలో చెట్లు పెంచి కార్బన్ క్రెడిట్ (చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడుకి లెక్కకట్టి కంపెనీలకు అమ్మేది) డబ్బు తీసుకోవాలా, లేక కేంద్రం సేంద్రియ సాగుకి ఇచ్చే పరంపరాగత్ కృషి వికాస్ యోజనలో చేరి రసాయన మందులు మానేయాలా?

డబ్బు: యోజనలో 3 ఏళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు, అందులో 15,000 నేరుగా రైతు ఖాతాకి. కార్బన్‌లో టన్ను కార్బన్ డయాక్సైడుకి ఒక క్రెడిట్. చెట్టు పెరిగి, కొలిచి, తనిఖీ అయ్యాకే క్రెడిట్లు వస్తాయి కాబట్టి మొదటి ఏళ్లలో చేతికి పెద్దగా రాదు.

శ్రమ: సేంద్రియంలో రోజూ పేడ పని, ఘనజీవామృతం (పేడతో చేసే ఎరువు) తయారీ. కార్బన్ చెట్లలో మొదటి 2, 3 ఎండాకాలాలు నీళ్లు పోసి మొక్కను బతికించడం, బోరు అడుగంటే మన దగ్గర అదే పెద్ద టెన్షన్.

రిస్క్: నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఒప్పందం గడువే. కార్బన్ ఒప్పందాలు దశాబ్దాల పాటు ఉండొచ్చు, మధ్యలో కూతురి పెళ్లికి చెట్లు కొట్టి అమ్ముకోవాలన్నా, పొలమే అమ్మాలన్నా కాగితం అడ్డొస్తుంది, అందుకే సంతకానికి ముందు తెలుగులో చదివించుకోండి, క్రెడిట్ డబ్బులో మీ వాటా ఎంతో రాయించుకోండి.

పాసుపుస్తకం మీ పేరుతో ఉండి, గట్ల మీద, బీడులో ఖాళీ ఉండి, ఇల్లు గడవడానికి వేరే ఆదాయం ఉంటే కార్బన్ చెట్లు. ఇంట్లో ఆవులుండి, పక్క రైతులూ గుంపుగా కలిసొస్తే సేంద్రియం. కౌలు రైతులైతే దశాబ్దాల ఒప్పందం జోలికి వెళ్లకండి.