ఓపియాయిడా, ఐబుప్రొఫెనా: అన్నవాహికకు ఏది ఏం చేస్తుంది?

రెండూ నొప్పి మాత్రలే, అన్నవాహికను ఇబ్బంది పెట్టే తీరే వేరు. ఐబుప్రొఫెన్ సంగతి తేలిక (కడుపులో పుండ్ల కథ వేరే): మాత్ర మధ్యలో అతుక్కుంటే లోపలి పొర పుండవుతుంది, మింగితే మంట. నిటారుగా కూర్చుని గ్లాసెడు నీళ్లతో వేసుకుంటే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

మార్ఫిన్, ఆక్సికోడోన్ లాంటి ఓపియాయిడ్లకు పేచీ కదలికతో. కండరాన్ని సడలించే నరాల సంకేతాలను ఇవి అణచేస్తాయి. దాంతో అన్నవాహిక చివర, కడుపు దగ్గరుండే కింది కవాటం సరిగ్గా తెరుచుకోదు. ముద్దను కిందికి నెట్టే అలలు తొందరపడి బిగుసుకుంటాయి. తిన్నది ఛాతీలో ఆగినట్టుంటుంది. ఎండోస్కోపీలో పుండేమీ కనబడకపోవచ్చు, పీడనం కొలిచే మానోమెట్రీలోనే గుట్టు బయటపడుతుంది. అక్కడా అచ్చం అకలేషియాలా (ఆ కవాటం సడలని వేరే జబ్బు) కనిపించి వైద్యులనే బోల్తా కొట్టించగలదు! అందుకే వాడే మందులన్నీ ముందే చెప్పాలి. ఓపియాయిడ్ ఆపితే కొందరిలో మింగడం మెరుగవుతుంది, కానీ దీర్ఘకాలం వాడినవాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగానే తగ్గించుకోవాలి.